పెంపుడు జంతువుల వైద్యానికి సాయం చేయాలనుకుంటే: మీ డబ్బు ఏ దారిన వెళ్తే మంచిది?

రాత్రి పదకొండు దాటింది. వెటర్నరీ క్లినిక్ కౌంటర్ దగ్గర ఒకాయన తువ్వాలులో చుట్టిన మగపిల్లిని గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. రెండు రోజులుగా అది ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతోందట. మలబద్ధకమేమో అనుకున్నారట. డాక్టర్ పొట్ట తడిమి చూసి, మూత్రం బిగుసుకుపోయిందని చెప్పారు. మూత్రసంచి రబ్బరు బంతిలా గట్టిగా తగులుతోంది. మగపిల్లుల మూత్రనాళం చాలా సన్నం, చిన్న స్ఫటికాలు అడ్డుపడినా మూసుకుపోతుంది. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. పొటాషియం పెరిగితే గుండె వేగం తగ్గుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. అదే సన్నటి గొట్టం వేసి అడ్డు తీసి, సెలైన్ ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోగల పిల్లి అది.

కౌంటర్‌లో అమ్మాయి అడ్వాన్స్ ఎంతో చెప్పింది. ఆయన ఫోన్ తీసి బ్యాలెన్స్ చూసుకున్నాడు. కాసేపాగి మళ్లీ చూసుకున్నాడు. "పొద్దున్న కడితే కుదరదామ్మా?" అన్నాడు.

నా కుక్కకి డ్రిప్ ఎక్కుతుంటే నేను పక్క బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పర్సు తీద్దామా వద్దా అని నేను తేల్చుకునేలోపే డాక్టర్ బయటికి వచ్చి, "సగం మన ఫండ్‌లో రాయండి, మిగతాది ఆయన వాయిదాల్లో కడతారు" అని చెప్పి పిల్లిని లోపలికి తీసుకెళ్లారు. మొత్తం కలిపి పది నిమిషాలు పట్టలేదు. ఆ ఫండ్ ఏమిటని తర్వాత అడిగాను. క్లినిక్‌కి వచ్చేవాళ్లలో కొందరు తమ బిల్లుతో పాటు కొంత వదిలి వెళ్తారట. అదంతా కలిపి ఇలాంటి రాత్రుల కోసం దాచి ఉంచుతారట.

అప్పటిదాకా నేను జంతువుల కోసం ఇచ్చింది తక్కువేమీ కాదు. కానీ ఎవరైనా ఫొటో పంపితే, మనసు కదిలితే ఇచ్చేవాణ్ణి. ఆ డబ్బు ఏ దారిన వెళ్లింది, ఎంత వేగంగా వెళ్లింది, చివరికి ఏ చికిత్సగా మారింది అనేది ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రాత్రి తర్వాత ఆలోచించడం మొదలుపెట్టాను. ఇవ్వడానికి ఉన్న దారులను పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు అర్థమైన సంగతులు ఇవి.

"వైద్యం చేయించలేనివాళ్లు పెంచుకోవడం ఎందుకు?"

దారుల గురించి చెప్పేముందు ఈ మాట తేల్చుకోవాలి. సాయం అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇలా అంటూనే ఉంటారు. కుక్క పన్నెండేళ్లు, పిల్లి పదిహేనేళ్లు బతుకుతుంది. అన్నేళ్లలో ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేయవచ్చు, సంపాదించే మనిషే లేకుండా పోవచ్చు. కష్టం వచ్చేసరికి కుక్క అప్పటికే ఇంట్లో ఉంటుంది. అమెరికాలో టెన్నెసీ విశ్వవిద్యాలయం వారి అధ్యయనం 2018లో వెలువడింది. పెంపుడు జంతువులున్న ప్రతి నాలుగు కుటుంబాల్లో ఒకటికి పైగా, అంతకుముందు రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వైద్యం అందించలేక ఇబ్బంది పడిందని అందులో తేలింది. ప్రధాన కారణం డబ్బే. ఇంతమందిని బాధ్యత లేనివాళ్లంటే నేను ఒప్పుకోను.

లెక్క చూసినా అంతే. బిల్లు కట్టలేక యజమాని జంతువును వదులుకుంటే దాన్ని షెల్టర్, అంటే జంతువుల ఆశ్రయం, తీసుకోవాలి. అప్పుడు వైద్యం ఖర్చు ఎలాగూ తప్పదు, దానిపైన నెలల తరబడి తిండి, గది, మనిషి ఖర్చు. పైగా తన ఇల్లు పోయిందన్న బెంగతో ఆ జంతువు మూలన కూర్చుంటుంది. అందుకే నా మొగ్గు ఎప్పుడూ జంతువును దాని మనిషి దగ్గరే ఉంచే సాయం వైపు. ఈ వ్యాసమంతా ఆ మొగ్గుతో రాసినదే, ముందే చెప్పేస్తున్నాను.

ఒక్క జంతువు బిల్లుకు నేరుగా ఇవ్వడం

ఎక్కువమంది మొదలయ్యేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఒక విజ్ఞప్తి వస్తుంది. కాలు విరిగిన కుక్కపిల్ల, డ్రిప్ పెట్టిన పిల్లి, కింద ఒక అకౌంట్ నంబర్. ఇచ్చిన డబ్బు ఎవరికి వెళ్తుందో కళ్లకు కనిపిస్తుంది, నాలుగు రోజుల తర్వాత కోలుకున్న ఫొటో కూడా రావచ్చు. ఆ తృప్తిని నేను తక్కువ చేయను.

కొన్ని జబ్బులకు ఈ దారి తప్ప వేరే దారి ఉండదు కూడా. కరోనా వైరస్‌లలో ఒకదాని వల్ల పిల్లులకు వచ్చే ఎఫ్‌ఐపి అనే వ్యాధినే తీసుకోండి. ఒకప్పుడు ఆ పేరు వింటే ఆశ వదులుకోవడమే. జీఎస్-441524 అనే మందు మీద 2019లో వెలువడిన పరిశోధనలో, సహజంగా ఆ వ్యాధి సోకిన 31 పిల్లుల్లో 25 బతికి బట్టకట్టాయి. ఆ మందు సాధారణంగా 84 రోజులు వరసగా వేయాలి. పన్నెండు వారాల ఖరీదైన చికిత్సను ఏ చిన్న సంస్థ నిధీ ఒక్క పిల్లి కోసం మోయలేదు. పదిమంది చేతులు కలిపితేనే అది అయ్యే పని.

కానీ మోసం ఎక్కువగా జరిగేదీ ఈ దారిలోనే. ఒక కుక్క ఆపరేషన్‌కని నేను ఓసారి డబ్బు పంపాను. కొన్ని నెలలకు అదే ఫొటో, అదే కట్టు, అదే నీలం దుప్పటితో, వేరే పేరు మీద, వేరే ఊరి నుంచి మరో విజ్ఞప్తిగా నా ముందుకొచ్చింది. పోయిన డబ్బు కంటే, ఆ తర్వాత నిజంగా అవసరమైన రెండు మూడు విజ్ఞప్తులను నేను నమ్మకుండా వదిలేయడమే ఎక్కువ బాధపెట్టింది. అపాత్రదానం చేసే అసలు నష్టం అదే. తర్వాత వచ్చే పాత్రుడి నోటిదాకా వెళ్లాల్సింది ఆగిపోతుంది.

అందుకని ఇప్పుడు ఒకే పద్ధతి పాటిస్తున్నాను. జంతువు ఏ క్లినిక్‌లో ఉందో అడుగుతాను. ఆ క్లినిక్ నంబర్ విజ్ఞప్తిలో ఉన్నది కాకుండా నేనే వెతికి పట్టుకుని ఫోన్ చేస్తాను. "ఫలానా పేరున్న కుక్క మీ దగ్గర ఉందా, దాని బిల్లులో కొంత నేను కట్టవచ్చా?" అని అడుగుతాను. యజమాని వివరాలు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. డబ్బు మాత్రం తీసుకుని బిల్లులో జమ చేస్తారు. నిజంగా అవసరంలో ఉన్న మనిషికి ఈ పద్ధతితో ఏ ఇబ్బందీ ఉండదు. "క్లినిక్‌కి వద్దు, నాకే పంపండి" అని పట్టుబడితే మాత్రం ఆగి ఆలోచించాలి. ముందే సొంత డబ్బు కట్టేసి అప్పుల్లో పడ్డవాళ్లూ ఉంటారు, వాళ్ల విషయంలో రసీదు చూస్తే సరిపోతుంది.

డబ్బు మిగిలితే ఏం చేస్తారు, జంతువు దక్కకపోతే ఏం చేస్తారు అన్న ప్రశ్న అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి. మంచి విజ్ఞప్తుల్లో ఆ సంగతి ముందే రాసి ఉంటుంది.

ఇంకొక లోపం ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫొటోలో జాలి పుట్టించే జబ్బుకే డబ్బు వస్తుంది. ముద్దొచ్చే పిల్లకు గంటలో సరిపడా పోగవుతుంది. పళ్లు కుళ్లి ఏడాదిగా సరిగ్గా తినలేకపోతున్న ముసలి కుక్కకు రాదు. చెవి లోపలి ఇన్‌ఫెక్షన్, కీళ్లనొప్పి, కిడ్నీ జబ్బు ఫొటోలో కనబడవు. వాటి బాధ తక్కువేం కాదు.

క్లినిక్ సొంత సహాయ నిధి

నేను ఆ రాత్రి చూసింది ఇదే. అన్నింటిలోకీ నాకు ఎక్కువ నమ్మకం ఉన్నదీ దీని మీదే.

మొదటి కారణం వేగం. మూత్రం ఆగిన పిల్లికి గంటలే ఉంటాయి. దరఖాస్తు నింపి, ఆదాయం కాగితాలు జతచేసి, జవాబు కోసం వారం ఆగితే ఆ సాయం బూడిదలో పోసిన పన్నీరే. క్లినిక్ నిధిలో డబ్బు ముందే ఉంటుంది. నిర్ణయం తీసుకునే మనిషి జంతువును చేతులతో తడిమి చూసిన డాక్టరే. బతికే అవకాశం ఎంతో, ఎంత ఖర్చులో పని అవుతుందో ఆ గదిలో అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

రెండో కారణం, అక్కడ డాక్టర్లు ఉన్నంతలో వైద్యం చేయడం నేర్చుకుంటారు. కాలు ఎముక నుజ్జయిన కుక్కకు ప్లేటు, స్క్రూలు వేసి నిలబెట్టడం ఒక పద్ధతి. కాలు తీసేయడం ఇంకో పద్ధతి, ఖర్చులో రెండింటికీ చాలా తేడా. వినడానికి కటువుగా ఉంటుంది గానీ చాలా కుక్కలు మూడు కాళ్ల మీద కొద్ది వారాల్లోనే పరుగెత్తడం మొదలుపెడతాయి. బరువు ఎక్కువున్నవి, మిగతా కాళ్లలో కీళ్ల జబ్బు ఉన్నవి వేరే సంగతి. ఒక కుక్కకు నాలుగో కాలు నిలబెట్టే డబ్బుతో మరి కొన్ని కుక్కల ప్రాణం నిలబడుతుందంటే, ఏది చేయాలో ఆ నిధిని చూసుకునే డాక్టర్ నిత్యం తేల్చుకోవాల్సి వస్తుంది. ఆ నిర్ణయం ఆయనకే వదిలేసే దాతలు కావాలి. "నా డబ్బుతో ఈ కాలే బాగుచేయాలి" అని షరతు పెడితే ఆయన చేతులు కట్టేసినట్టే.

పశువైద్య కళాశాలల బోధనాసుపత్రుల్లో కూడా చాలాచోట్ల ఇలాంటి నిధులు నడుస్తుంటాయి. అక్కడ ఇచ్చిన డబ్బుకు రెండో ఉపయోగం ఉంది. ఆ కేసు చుట్టూ నిలబడి నేర్చుకున్న విద్యార్థులు రేపు తమ క్లినిక్‌లో అదే జబ్బును గుర్తుపడతారు.

అయితే కళ్లు మూసుకుని ఇవ్వమనను. నాలుగు సంగతులు అడగండి. నిధికి విడిగా ఖాతా ఉందా, లేక క్లినిక్ మామూలు డబ్బుతో కలిసిపోతుందా? ఒక్కో కేసుకు గరిష్ఠంగా ఎంత అనే పరిమితి ఉందా? గత ఏడాది ఎన్ని జంతువులకు వాడారు? చివరి ప్రశ్న నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యం, అడిగేవాళ్లు చాలా తక్కువ: నిధి నుంచి కట్టేటప్పుడు క్లినిక్ పూర్తి ఫీజు వేసుకుంటుందా, మందులకూ సామానుకూ అయిన ఖర్చు మాత్రమే తీసుకుంటుందా? దాత కొంత, క్లినిక్ తన లాభంలో కొంత, యజమాని కొంత మోస్తేనే అది నిజమైన సహాయ నిధి. పూర్తి ఫీజు వేసుకుంటే, పేరు ఏదైనా, మీరు ఆ క్లినిక్‌కి వ్యాపారం తెచ్చిపెడుతున్నారు. ఈ ప్రశ్నకు నీళ్లు నమిలితే నేను ఇంకో క్లినిక్ చూసుకుంటాను.

దీనికి ఉన్న అసలు పరిమితి, ఆ క్లినిక్ గుమ్మం దాకా రాగలిగినవాళ్లకే ఇది అందుతుంది. క్లినిక్ అంటేనే భయపడి, అడిగితే అవమానిస్తారేమోనని ఇంట్లోనే పసుపు రాసి కూర్చునేవాళ్లకు ఇది చేరదు.

సొంత ఆసుపత్రులు నడిపే సంస్థలు

ఆ గుమ్మం దాటలేనివాళ్ల కోసమే పుట్టిన ఆలోచన ఇది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917లో, మరియా డికిన్ అనే ఆవిడ లండన్‌లోని వైట్‌చాపెల్‌లో ఒక సెల్లార్‌లో పేదల జంతువులకు ఉచిత వైద్యశాల తెరిచారు. అన్ని జంతువులకూ వైద్యం చేస్తామని, అంతా ఉచితమని బయట బోర్డు పెట్టారు. పీడీఎస్ఏ పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ బ్రిటన్‌లో ఆసుపత్రులు నడుపుతోంది. అంతకంటే ముందే, 1906లో, ఇప్పుడు బ్లూ క్రాస్ పేరుతో ఉన్న సంస్థ అదే నగరంలో జంతువుల ఆసుపత్రి తెరిచింది. ఇళ్లు లేక వీధుల్లో బతికేవాళ్ల కుక్కల కోసం 2016లో అక్కడే స్ట్రీట్‌వెట్ మొదలైంది. వాళ్ల డాక్టర్లు బ్యాగు భుజాన వేసుకుని ఆ మనుషులు ఉన్నచోటికే వెళ్తారు. అమెరికాలో స్ట్రీట్ డాగ్ కోయలిషన్ 2015 నుంచి ఇదే పని చేస్తోంది. నా మటుకు నాకు, వీధిలో కూర్చున్న మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని కుక్క చెవి చూసే డాక్టర్‌కి ఇచ్చిన డబ్బు గురించి రెండోసారి ఆలోచించాలనిపించదు.

ఇలాంటి సంస్థల బలం వాటి పరిమాణం. మందులు టోకున కొంటాయి, ఒక ఎక్స్‌రే యంత్రం రోజంతా పనిచేస్తుంది, డాక్టర్లకు జీతమే తప్ప బిల్లును బట్టి లాభం ఉండదు. అందుకే ఒక్కో చికిత్సకు పడే ఖర్చు తగ్గుతుంది. బలహీనత కూడా పరిమాణమే. మీ డబ్బు ఏ జంతువుకు చేరిందో చెప్పలేవు. చాలావరకు ఆదాయ పరిమితి, ఉండే ప్రాంతం లాంటి నిబంధనలుంటాయి. నిబంధనకు కాస్త పైన ఉన్నవాళ్లు, అంటే పేదవాళ్లు కాదు గానీ ఒక్కసారిగా పెద్ద బిల్లు వస్తే తట్టుకోలేనివాళ్లు, బయటే ఉండిపోతారు.

పెద్ద సంస్థను చూసేటప్పుడు పరిపాలన ఖర్చు ఎంత శాతం అని మాత్రమే చూసేవాళ్లున్నారు. నేనూ చాలాకాలం అదే చూశాను. కానీ ఆసుపత్రి అంటే కరెంటు, రాత్రి డ్యూటీ నర్సు, చెత్త పారేసే ఏర్పాటు, మత్తు యంత్రానికి ఏటేటా పరీక్ష. ఇవేవీ ఫొటోకి పనికిరావు. ఇవి లేకుండా ఒక్క ఆపరేషన్ కూడా జరగదు. శాతం కంటే, ఏటా ఎన్ని చికిత్సలు చేశారో, ఎంత ఖర్చు పెట్టారో చూసి రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. చాలా దేశాల్లో ఈ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లాండ్, వేల్స్‌లో అయితే ఛారిటీ కమిషన్ రిజిస్టర్‌లో, అమెరికాలో సంస్థలు పన్ను శాఖకు దాఖలు చేసే ఫారం 990లో ఉంటాయి. లెక్కలు బయటపెట్టాల్సిన సంస్థ పెట్టకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. పన్ను మినహాయింపు కూడా సాధారణంగా ఇలా నమోదైన సంస్థలకు ఇస్తేనే వస్తుంది, ఒక వ్యక్తి బిల్లుకు ఇస్తే రాదు. మీ దేశపు నిబంధన ఏమిటో ఒకసారి చూసుకోండి.

చిన్న గ్రాంట్లు ఇచ్చే సంస్థలు

వీటికి సొంత ఆసుపత్రి ఉండదు. యజమాని దరఖాస్తు పెడితే, పరిశీలించి కొంత మొత్తాన్ని నేరుగా క్లినిక్‌కే పంపుతాయి. అమెరికాలో రెడ్‌రోవర్ అత్యవసర వైద్యానికి ఇలా ఇస్తుంది. ద పెట్ ఫండ్ అనే సంస్థ గుండె జబ్బు, క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక సమస్యలకు సాయం చేస్తుంది. ఒక్కో గ్రాంట్ బిల్లు మొత్తానికి సరిపోదు, వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు అన్నట్టే. అయినా దాన్ని చూసి క్లినిక్ కొంత తగ్గిస్తుంది, బంధువొకరు కొంత కలుపుతారు, బిల్లు కదులుతుంది. కాగితాల పరిశీలన ఉంటుంది కాబట్టి మోసం తక్కువ, ఆలస్యం ఎక్కువ. నాలుగు రోజులు ఆగగల జబ్బులకు ఇది మంచి దారి.

టీకాలు, ఆపరేషన్లు: జబ్బు రాకముందే ఇచ్చే డబ్బు

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకనే మాట జంతువైద్యంలో అక్షరాలా నిజం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో, ఎదకు వచ్చిన కొన్ని వారాల తర్వాత, గర్భసంచిలో చీము పట్టవచ్చు. పయోమెట్రా అంటారు. కుక్క మామూలుకంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది, తిండి మానేస్తుంది, డీలా పడిపోతుంది. అప్పుడు చేసే ఆపరేషన్‌లో తీసేది ఆ గర్భసంచినీ అండాశయాలనే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో తీసేవీ అవే. కాకపోతే ఇప్పుడు జ్వరంతో, విషం పాకిన రక్తంతో ఉన్న కుక్కకు అర్ధరాత్రి మత్తివ్వాలి, రోజుల తరబడి సెలైన్, యాంటీబయాటిక్స్ ఎక్కించాలి. అదే కోత, ఖర్చు ఎన్నో రెట్లు, ప్రాణానికి ముప్పూ ఎక్కువే.

పార్వో ఇంకా బాధాకరం. కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే ఈ వైరస్ 1978లో ప్రపంచమంతా పాకింది. టీకా వచ్చి దశాబ్దాలు గడిచాయి. అయినా పార్వో పట్టిన కుక్కపిల్లలు రోజూ వస్తూనే ఉంటాయి. ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు, రక్తం కలిసిన విరేచనాల తియ్యటి కుళ్లు వాసన. పిల్ల పక్కకు పడుకుని ఉంటుంది, చిగుళ్లు తెల్లబడి ఉంటాయి, చర్మం పట్టి లాగితే వెంటనే వెనక్కి పోదు. ఆసుపత్రిలో వేరే గదిలో పెట్టి డ్రిప్ మీద చూసుకుంటే పదింటిలో ఎనిమిదో తొమ్మిదో బతుకుతాయి. ఏమీ చేయకపోతే ఎక్కువభాగం పోతాయి. అలా ఒక్క పిల్లను నిలబెట్టే ఖర్చుతో చాలా పిల్లలకు టీకాల కోర్సు పూర్తిచేయవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు దాటేవరకు మూడు నాలుగు వారాలకోసారి వేసే కోర్సు అది. మధ్యలో ఆపేస్తే రక్షణ గ్యారంటీ లేదు. కాబట్టి శిబిరం పెట్టే సంస్థకు ఇస్తున్నప్పుడు, రెండో మూడో డోసుకు పిల్లలను మళ్లీ రప్పించే ఏర్పాటు ఉందో లేదో అడగండి.

రేబిస్ టీకా అయితే జంతువుతో పాటు మనిషికీ రక్ష. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే వ్యాప్తి ఆగుతుంది. 2013లో మొదలైన మిషన్ రేబిస్ లాంటి సంస్థలు ఈ లెక్కతోనే పనిచేస్తాయి.

మరి లెక్క ఇంత స్పష్టంగా ఉంటే మొత్తం డబ్బు ఇక్కడే ఇచ్చేయవచ్చు కదా? సంఖ్య ఒక్కటే చూస్తే నిజమే. నేను మాత్రం అలా చేయలేను. మూత్రం ఆగిన ఆ పిల్లికి టీకా ఏం చేస్తుంది? వాహనం కింద పడ్డ కుక్కకు? ముందుజాగ్రత్తకు ఇచ్చేవాళ్లు లేక పార్వో వస్తోంది, అత్యవసరానికి ఇచ్చేవాళ్లు లేక బతకగల జంతువుకు కారుణ్య మరణం ఇంజెక్షన్ పడుతోంది. డబ్బు లేదన్న ఒకే కారణంతో ఆ ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావడం డాక్టర్లను కూడా లోలోపల తినేస్తుంది.

డబ్బు కానివి

మీ దగ్గర ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఉంటే, అది రక్తదాత కావచ్చు. బ్రిటన్‌లో 2007లో మొదలైన పెట్ బ్లడ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఏడాది నుంచి ఎనిమిదేళ్ల లోపు వయసుండి, 25 కిలోలు దాటిన శాంతస్వభావం గల కుక్కలు పనికొస్తాయి. ఒకసారికి సుమారు 450 మిల్లీలీటర్లు తీస్తారు, దాన్ని భాగాలుగా విడదీస్తే నాలుగు కుక్కల వరకు వాడవచ్చు. పిల్లులకు ఇంకా అవసరం. వాటిలో ఏ, బీ, ఏబీ అనే గ్రూపులుంటాయి. పడని గ్రూపు రక్తం మీద దాడి చేసే యాంటీబాడీలు వాటి ఒంట్లో సహజంగానే ఉండవచ్చు కాబట్టి మొదటిసారి ఎక్కించేటప్పుడే గ్రూపు కలవాలి. దగ్గర్లోని పెద్ద క్లినిక్‌లో మీ జంతువు పేరు దాతల జాబితాలో రాయిస్తే, ఏ అర్ధరాత్రో మీకు ఫోన్ రావచ్చు. ఆ ఫోన్‌కి లేచి వెళ్లడం ఎంత పెద్ద చెక్కుకైనా సమానమే.

పాత తువ్వాళ్లు, దుప్పట్లు దాదాపు ప్రతిచోటా తీసుకుంటారు. మూత తీసిన మందులు మాత్రం ఇవ్వకండి, వాటిని వేరే జంతువుకు వాడలేరు, పారేసే పని వాళ్ల మీద పడుతుంది. ఆపరేషన్ అయిన జంతువును వారం రోజులు ఇంట్లో ఉంచుకోవడం, బండి లేనివాళ్లను క్లినిక్‌కి తీసుకెళ్లడం కూడా అడిగితే చాలాచోట్ల సంతోషంగా ఒప్పుకుంటారు.

మీకు ఏది సరిపోతుంది?

చేతిలో ఉన్నది కొద్దిగానే అయితే, దాన్ని నెలనెలా ఒకే క్లినిక్ నిధికి ఇవ్వండి. పెద్ద మొత్తం ఏడాదికోసారి ఇవ్వడం కంటే చిన్నది క్రమం తప్పకుండా ఇవ్వడమే నిధి నడిపేవాళ్లకు మేలు. వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే ఈ నెల డాక్టర్ ధైర్యంగా "లోపలికి తీసుకురండి" అనగలరు.

ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే, ఉదాహరణకు వీలునామాలో రాయాలన్నా, పోయిన మీ కుక్క పేరు మీద ఇవ్వాలన్నా, సొంత ఆసుపత్రి నడిపే నమోదైన సంస్థ మేలు. ఎక్స్‌రే యంత్రం, ఆపరేషన్ బల్ల లాంటివి ఏళ్లపాటు పనిచేస్తాయి. కొనిచ్చేముందు దాన్ని నడిపే మనిషి, మరమ్మతు ఖర్చు వాళ్ల దగ్గర ఉన్నాయో లేదో కనుక్కోండి.

ఒక్క రూపాయితో ఎక్కువ ప్రాణాలు నిలబడాలి, నాకు ఫొటోలు అక్కర్లేదు అనుకునేవాళ్లు టీకాలకు, ఆపరేషన్ శిబిరాలకు ఇవ్వండి. ఫలానా జంతువు కళ్లలోకి చూస్తే తప్ప చేయి కదలదు అనుకుంటే దానిలోనూ తప్పు లేదు, బిల్లు కట్టండి, కానీ క్లినిక్‌కి కట్టండి.

నేను ఇచ్చేదాన్ని మూడు భాగాలు చేస్తాను. రెండు భాగాలు ఆ రాత్రి చూసిన క్లినిక్ నిధికి వెళ్తాయి. మూడోది టీకాల శిబిరానికి. ఆన్‌లైన్ విజ్ఞప్తుల కోసం ఏమీ పక్కన పెట్టను, మనసు ఆగనప్పుడు మాత్రం ఇస్తాను, ఫోన్ చేసి కనుక్కున్నాకే.

మీ దగ్గరి క్లినిక్‌కి ఫోన్ చేయాలనుకుంటే మధ్యాహ్నం చేయండి. ఉదయం, సాయంత్రం ఓపీ రద్దీగా ఉంటుంది, మీకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. డాక్టర్‌ని అడగక్కర్లేదు, లెక్కలు చూసేవాళ్లను పిలవమనండి. నిధి ఉందా అని అడగండి. లేదంటే, ఒకటి మొదలుపెడితే మొదటి చందా నాదని చెప్పండి.